ఆచారి దొడ్డిలో నీళ్లు

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మొన్న మా వీధికి వచ్చారు. భుజాన సంచులు, ముఖాన చెమట. కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే, "జనం మమ్మల్ని నమ్మరవ్వా, మేమేదో దాస్తున్నామనుకుంటారు" అని గోడు చెప్పుకున్నారు. ఒకప్పుడు నేనూ మీ పనే చేశానంటే వాళ్లు నమ్మలేదు. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే. వాళ్లు పోయాక ఇది రాయడానికి కూర్చున్నాను. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి, చేయి నిదానంగా సాగుతుంది. మీరు కాస్త ఓపిక పట్టాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో మలేరియా యూనిట్ అని ఒక ఆఫీసు తెరిచారు. కాలువ నీళ్లు పారే పల్లెల్లో చలిజ్వరం ఎరగని ఇల్లు లేదు. కాలువ మీద తూములెత్తే లస్కరుగా పనిచేసే మా ఆయన కూడా ఏటా ఎండలో కంబళి కప్పుకుని వణికేవాడు. గోడలకు డీడీటీ కొడితే, మనిషిని కుట్టిన దోమ ఆ గోడ మీద వాలి చస్తుందని ఆఫీసువాళ్లు చెప్పారు. మందు కొట్టడానికి మగవాళ్లున్నారు. కానీ పంపులు మోసుకుని వంటింట్లోకి, పడకింట్లోకి వస్తామంటే ఏ ఆడది ఊరుకుంటుంది? అందుకని పంపుకంటే ముందు లోపలికి పోయే ఆడమనిషి ఒకతె కావలసి వచ్చింది. ఆ మనిషిని నేను. ఉయ్యాలలో బిడ్డను తీయించడం, నీళ్ల కడవలూ ఊరగాయ జాడీలూ బయట పెట్టించడం, దేవుడి గూటికి అడ్డంగా గుడ్డ కట్టడం, పోట్లాడేవాళ్లతో పోట్లాడడం నా పని.

మా జట్టుకు ఆళ్లగడ్డ పడింది. సత్రంలో ఒక గది మాకిచ్చారు. ఒక మూల మందు బస్తాలు, ఒక మూల పంపులు, మిగిలిన చోట మేము. అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి ఎవరూ మమ్మల్ని నమ్మలేదు. గోడ మీద మేము వేసే గుర్తు ఇంటిపన్ను కోసమని కొందరన్నారు. ఆ మందు వాసన పీలిస్తే కడుపు పండదని కొందరన్నారు. నన్నైతే మొగుణ్ణి విడిచిపెట్టి మగవాళ్ల వెంట తిరుగుతున్నదన్నారు. ఒకామె గడప మీద అడ్డంగా కూర్చుంది.

"పోయిన తూరి కొట్టి పోతిరి. మా పిల్లి సచ్చె. ఇంగ మేమెంత?"

"పిల్లి గోడ నాకిందేమోలే అక్కా."

"గోడ నాకేదానికి అదేమన్నా మీ ఆఫీసరా?"

ఆమె గడప దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

మాలో మాకు కూడా నమ్మకం తక్కువే. పంపు తొక్కేవాడికి గొట్టం పట్టేవాడి మీద అనుమానం. వాళ్లిద్దరికీ దోమలు పట్టే ఆయన మీద అనుమానం. ఆయన తెల్లవారుతూనే పశువుల కొట్టాల్లోకి పోయి, గోడ మీది దోమ మీద గాజు గొట్టం పెట్టి, ఇంకో కొసకున్న రబ్బరు గొట్టాన్ని నోట పెట్టుకుని పీల్చేవాడు. దోమ గాజులో ఉండిపోయేది. మధ్యలో గుడ్డ అడ్డం ఉందని ఎంత చెప్పినా, ఊళ్లోవాళ్లు ఆయనకు దోమలు తాగేవాడని పేరు పెట్టారు. చాలా తక్కువ మాటల మనిషి. మాట తక్కువైనవాడు ఆఫీసుకు చాడీలు మోస్తాడని మా జట్టు నమ్మకం.

అందరికీ పైన మేస్త్రీ. మందు కలిపించేది, ఏ రోజు ఏ వీధి అనేది ఆయన చేతుల్లో ఉండేది. అహోబిలం దారిలో ఒక పల్లె ఆయనది. గట్టి మనిషి, మందు కలిపే బకెట్‌ను తానే కడిగేవాడు, ఇంకొకరు కడిగితే మళ్లీ కడిగేవాడు. నన్ను "ఏమ్మే" అని పిలిచేవాడు, నేను "మేస్త్రన్నా" అనేదాన్ని. ఆ పిలుపుల్లో కోపమూ లేదు, ప్రేమా లేదు.

శిల్పులుండే వీధికి మందు కొట్టి ఎన్నో రోజులు కాలేదు, అక్కడ మళ్లీ చలిజ్వరం మొదలైంది. ఊరంతా తగ్గింది, ఆ వీధిలో తగ్గలేదు. నంద్యాల నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన కొత్తగా వచ్చిన కుర్రవాడు, అందరూ తన చాటున నవ్వుతున్నారనుకునే రకం. నిజానికి నవ్వేవాళ్లం. ఆ వీధి గోడలన్నీ వేలితో గీకి చూశాడు. ఆరాక ఆ మందు తెల్లగా మిగులుతుంది, కానీ తక్కిన వీధుల్లో కంటే అక్కడ గోడలు మరీ తెల్లగా ఉన్నాయి.

"సున్నం కలిపినారు" అన్నాడు.

"పలచగా ఉంటే మందు అమ్ముకున్యారంటావు, తెల్లగా ఉంటే సున్నమంటావు. ఏ రంగుంటే నమ్ముతావు సార్?" అన్నాడు మేస్త్రీ.

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. ఆ మాటకు మేము నవ్వకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం ఆయన నన్ను సత్రం వెనక్కి పిలిచాడు. మేస్త్రీ శుక్రవారం శుక్రవారం పని కాగానే చంకలో మూట పెట్టుకుని ఎక్కడికో పోతున్నాడని, ఆ మూటలో మందు ఉందని తన అనుమానమని చెప్పాడు. పత్తి రైతులు డీడీటీకి ఎగబడే రోజులు, కాబట్టి ఆ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు.

"నువ్వు ఆడమనిషివి, నిన్నెవరూ పట్టించుకోరు. ఎక్కడికి పోతున్నాడో చూసి చెప్పు."

చెప్తానన్నాను. మేస్త్రీ దొంగ కావచ్చని నాకూ అనిపించింది. ఆ వీధి గోడల తెలుపు నా కళ్లకూ ఎక్కువగానే కనిపించింది. ఇంకో సంగతి కూడా నా మనసులో ఉంది. ఆ వీధి చివర పెద్దాచారి దొడ్డిలోకి నన్ను పోనివ్వలేదు మేస్త్రీ. పెద్దాచారి అంటే ఆ వీధిలోకెల్లా వయసు మళ్లిన శిల్పి. "ఆడ రాళ్లే, మనుషుల్లేరు. నేనే కొట్టిస్తాలే, నువ్ పో" అన్నాడు. కానీ దొడ్డి వైపు పంపు పోవడం నేను చూడలేదు.

తర్వాతి శుక్రవారం ఎండ వాలుతుండగా ఆయన వెనక బయలుదేరాను. ఇంకో ఇంటి వైపు పోతున్నట్టు, చెంగుతో ముఖం తుడుచుకుంటూ నడిచాను. ఆయన నేరుగా పెద్దాచారి దొడ్డిలోకి పోయాడు. దొడ్డినిండా సగం చెక్కిన దేవుళ్లు. ఒకరికి చేతుల్లేవు, ఒకరికి ముఖం లేదు. ఉలుల చప్పుడు అప్పటికే ఆగిపోయింది. వెనక గోడ దగ్గర తడికలు కట్టి ఉన్నాయి. ఆయన ఆ తడికల చాటుకు పోయాడు. తడిక సందులోంచి చూశాను.

లోపల ఒక గుంట. అడుగునా పక్కలా కొలిమిగుండ్ల వైపు నుంచి వచ్చే నాపబండలు పరిచి, నీళ్లు నింపారు. పైన ఆకాశమే కప్పు. మేస్త్రీ అంచున కూర్చుని మూట విప్పాడు. పసుపు, కర్పూరం, టెంకాయ. నీళ్ల అడుగున నల్లటి రాతి ముఖం వెల్లకిలా పడుకుని ఉంది. ముక్కు ఉంది, పెదవులున్నాయి, కళ్లు ఇంకా చెక్కలేదు.

"ఏం చూస్తాండావ్?"

నా భుజం మీద చేయి పడింది. వెనక పెద్దాచారి భార్య. నన్ను పక్కకు లాగి గుసగుసగా తిట్టింది. నేను మందు కొట్టే జట్టు మనిషినని గుర్తుపట్టాక ఇంకా భయపడింది. ఆ భయంలోనే సంగతంతా చెప్పింది. ఆ విగ్రహం మేస్త్రీ పల్లె అమ్మవారు. చెక్కడం అయ్యాక కొన్నాళ్లు నీళ్లలో ఉంచడం వాళ్ల ఆనవాయితీ. రాతిలో కంటికి కనపడని పగులుంటే బయటపడుతుంది, రాయి వేడీ తగ్గుతుంది. ఆ తర్వాత ఊరికి తీసుకుపోయి నిలబెట్టేటప్పుడు కళ్లు చెక్కుతారు. అయితే ఆ పల్లెలో రెండు పార్టీలు. మొదటి టెంకాయ ఎవరు కొట్టాలన్న దగ్గర తగువు మొదలై ప్రతిష్ఠ ఆగిపోయింది. మేస్త్రీ వాళ్లది ఒక పార్టీ. విగ్రహం ఎక్కడుందో తెలిస్తే పగలగొడతామని రెండో పార్టీ మాట విసిరింది. అందుకని నీళ్లు నింపిన గుంట అలాగే ఉండిపోయింది, నెలల తరబడి.

"ఎవరికన్నా చెప్పినావంటే ఆ రాయి పోతాది, దాంతోపాటు మా ఆయన తలకాయ పోతాది. నీ బిడ్డల మీద ఒట్టు పెట్టు."

"మీ ఇంట్లో జరాలున్నాయి గదా అవ్వా. దొడ్లో మందు కొట్టనీకపోతే ఎట్ల?"

"నా మనవరాలికి ఎడతెగకుండా వస్తాంది. అది దోమ జరం గాదు. కండ్లు తెరవకుండా ఇన్నాళ్లు పండబెట్టినామని అమ్మోరి కోపం. మందు గిందు ఆ నీళ్లలో పడిందంటే అసలుకే మోసం."

ఒట్టు పెట్టకుండానే వచ్చేశాను. నాకు మేస్త్రీ మీద అనుమానం సగం తీరింది, సగం పెరిగింది. మందు అమ్ముకోవడం లేదు. ఆ దొడ్డి వదిలేశాడు గనుక మిగిలిన మందును చుట్టుపక్కల ఇళ్లకు రెండోసారి కొట్టించాడు. ఆ గోడల తెలుపు అందుకే. అంత తెల్లటి గోడల మధ్య ఒక్క దొడ్డి మాత్రం దోమలకు మామగారిల్లులా మిగిలిపోయింది. నీళ్లూ అక్కడే, వాలడానికి నల్లటి రాళ్లూ అక్కడే.

ఇన్‌స్పెక్టరు అడిగాడు. శుక్రవారం గుడికి పోతున్నాడని చెప్పాను. "ఏ గుడి?" అన్నాడు. "అమ్మవారి గుడి" అన్నాను. ఆళ్లగడ్డలో ఎన్ని అమ్మవారి గుళ్లున్నాయో లెక్కపెట్టుకుంటూ పోయాడు. అప్పటి నుంచి నన్నూ అనుమానించడం మొదలుపెట్టాడు. మేస్త్రీ కూడా నన్ను వేరుగా చూడసాగాడు. దొడ్డిలో నేను కనిపించిన సంగతి ఆచారి భార్య ఆయనకు చెప్పి ఉండాలి. మందు కలిపేటప్పుడు నేను దగ్గరికి పోతే మాట ఆపేసేవాడు. సత్రంలో ఇద్దరు మాట్లాడుకుంటూ నేను రాగానే ఊరుకుంటే, అది నా గురించేనని నాకనిపించేది.

డాక్టరు సారు జీపులో వచ్చిన రోజు తేలిపోవాల్సిన రోజు. యూనిట్‌కంతటికీ పెద్దాయన ఆయన. మమ్మల్నందరినీ సత్రం వసారాలో నిలబెట్టారు. ఇన్‌స్పెక్టరు తన అనుమానాలన్నీ వరసగా చెప్పాడు. మందు బజారుకు పోతున్నదని, గోడలకు సున్నం కొట్టి కళ్లు కప్పుతున్నారని, మేస్త్రీని పోలీసు స్టేషనుకు పంపితే గానీ నిజం రాదని.

డాక్టరు సారు మేస్త్రీ వైపు తిరిగాడు. "ఏమంటావు?"

"దొంగతనం చేయలేదు సార్."

"మరి ఆ వీధిలోనే జ్వరాలెందుకు?"

మేస్త్రీ నేల చూశాడు. నోరు విప్పితే విగ్రహం బయటపడుతుంది, విప్పకపోతే తాను స్టేషనుకు పోతాడు. పోవడానికే సిద్ధపడ్డాడని ఆయన నిలబడిన తీరులోనే తెలిసింది. చేతులు ముందుకు కట్టుకున్నాడు, అప్పుడే బేడీలు పడినట్టు.

దోమలు పట్టే ఆయన అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "ఆ వీధి కొసన దోమలు జాస్తిగా దొరుకుతాండాయి సార్. దూరం నుంచి వచ్చేవి గాదు. ఆడనే యాడనో పుడుతాండాయి" అన్నాడు. మేస్త్రీ తల ఎత్తలేదు.

"పెద్దాచారి దొడ్డి కొట్టలేదు సార్" అన్నాను. "ఆడ నీళ్లున్నాయి. నన్ను తప్ప ఎక్కువమందిని తీసకపోవద్దండి. ఎందుకనేది ఆడికొచ్చినాక తెలుస్తాది."

మేస్త్రీ నా వైపు చూశాడు. అలాంటి చూపు నా మీద అంతకుముందు పడలేదు, తర్వాతా పడలేదు.

డాక్టరు సారు తెలివైన మనిషి. ఇన్‌స్పెక్టరును బస్తాల దగ్గర కాపలా పెట్టి, మేస్త్రీని, దోమలు పట్టే ఆయన్ని, నన్ను మాత్రమే వెంటబెట్టుకుని బయలుదేరాడు. దొడ్డి వాకిట్లో పెద్దాచారి ఉలి పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి, రాతి దుమ్ముతో కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

"నీళ్లు ముట్టేదానికి లేదు" అన్నాడు.

"మేము ముట్టం. మీరే ఒక చెంబుడు తీసివ్వండి" అన్నాడు డాక్టరు సారు.

ఆచారి కాళ్లు కడుక్కుని తడికల లోపలికి పోయి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చాడు. దోమలు పట్టే ఆయన వాటిని తెల్ల పళ్లెంలో వంచాడు. చూడబోతే నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. కాస్త ఆగితే సన్నటి గడ్డిపరకల్లాంటివి నీటిమీద అడ్డంగా తేలాయి. మామూలు దోమ పిల్ల నీళ్లలో తలకిందులుగా వేలాడుతుంది. చలిజ్వరం తెచ్చే దోమ పిల్ల మాత్రం పైమట్టానికి అంటుకుని అడ్డంగా పడుకుంటుంది. పళ్లెం కదిపితే వెనక్కి వెనక్కి జరిగాయి.

ఆచారి పళ్లెం మీదికి వంగాడు. "ఇవేనా?"

"ఇవే సామీ" అన్నాడు దోమలు పట్టే ఆయన.

"నా మనవరాలి జరం?"

ఆచారి భార్య తలుపు చాటు నుంచి, "అమ్మోరి నీళ్లలో పురుగులుంటాయా! మీరే యేసింటారు" అని అరిచింది. ఆమెను తప్పుపట్టలేను. ఈ పనిలో చేరకముందు నేనూ అలాగే అనుకునేదాన్ని.

మామూలుగా అయితే అలాంటి నీళ్ల మీద నూనె పోస్తాం. దోమ పిల్లలు ఊపిరాడక చస్తాయి. డాక్టరు సారు ఆ మాట అనగానే ఆచారి ఉలి గట్టిగా పట్టుకున్నాడు. "రాయి నూనె తాగుతాది. తాగిన మచ్చ ఇంగ పోదు. పోస్తే నన్ను దాటుకుని పోయండి" అన్నాడు. నీళ్లు తీసేద్దామంటే, ప్రతిష్ఠ కాకముందే మధ్యలో తీస్తే చేసిందంతా వృథా అన్నాడు. విగ్రహాన్ని ఇంకో చోటికి మారుద్దామంటే మేస్త్రీ మొదటిసారి నోరు తెరిచాడు. "బండి కదిలిందంటే ఊరంతా తెలుస్తాది సార్. దానికన్నా నన్ను స్టేషనుకే పంపండి."

డాక్టరు సారు దొడ్డిలో అటూ ఇటూ తిరిగాడు. చేతుల్లేని దేవుడి ముందు కాస్త ఆగాడు. "నంద్యాల ఆఫీసు తొట్టిలో చేపలు పెంచుతున్నాం. వేలంత ఉంటాయి. దోమ పిల్లల్నే తింటాయి. అవి వేస్తే?"

"దేవుని నీళ్లలో చేపలా?" అంది ఆచారి భార్య.

ఆచారి తన భార్య వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఏట్లో పండబెట్టింటే చేపలుండవా? మనిషి యేసింది గాదనుకుంటే సరి."

"కండ్లు కొరికితే?"

"కండ్లింగా యాడున్నాయే?"

అంతవరకు బిగుసుకుని ఉన్నవాళ్లందరం ఒక్కసారి నవ్వేశాం. మేస్త్రీ తప్ప.

మర్నాడు బస్సులో కుండ ఒడిలో పెట్టుకుని చేపల్ని తెచ్చింది నేనే. మూతి గుడ్డ తీసి చూపించేదాకా కండక్టరు నమ్మలేదు, సారా అనుకున్నాడు. గుంట చుట్టూ ఉన్న గోడలకు మందు కొట్టారు, నీటి మీద చుక్క పడకుండా తడికలు అడ్డం పెట్టి. ఆచారి పక్కనే నిలబడి పంపు గొట్టం ఎటు తిరిగితే అటు తిరిగాడు. ఆఫీసు కాగితాల్లో డాక్టరు సారు రోళ్లు చెక్కేవాళ్ల నీళ్ల తొట్టి అని రాయించాడు. కొన్ని వారాలకు ఆ వీధిలో జ్వరాలు తగ్గాయి. ఆచారి మనవరాలు వాకిట్లో ఆడుకుంటుంటే నేను చూశాను. ఆమె నాయనమ్మ మాత్రం జ్వరం తగ్గింది చేపల వల్ల కాదని, అమ్మవారి కోపం చల్లారడం వల్లనని కడదాకా చెప్పింది.

మేస్త్రీ మీద దొంగతనం పోయింది. కానీ ఇల్లు వదిలేసి కొట్టినట్టు చెప్పడం కూడా ఆఫీసులో నేరమే. ఆయన్ని మేస్త్రీ పని నుంచి దించి, పంపు తొక్కేవాడిగా పాములపాడు వైపు పంపేశారు. బస్సు కోసం నిలబడి ఉంటే పోయి పలకరించాను.

"స్టేషనుకు పోనీలేక చెప్పినా మేస్త్రన్నా."

"నిన్ను నేనడిగినానా?"

"లేదు."

"మరి?"

బస్సు వచ్చింది. మూట పైకి విసిరి ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని కూడా నా వైపు చూడలేదు. అమ్మవారి సంగతి ఎవరికైనా చేరితే అది నా నోటినుంచే చేరుతుందని ఆయన నమ్మకం. ఆ తర్వాత చాలాకాలం, ఆ విగ్రహాన్ని ఎవరైనా పగలగొట్టారేమోనని ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేదాన్ని. నేరుగా కాదు, వానలెట్లున్నాయి అన్నట్టు. ఎవరూ ఏమీ చెప్పలేదు. తెలియక చెప్పలేదో, తెలిసి దాచారో నాకు తెలిసేది కాదు.

చాలా ఏళ్లకు, ఆసుపత్రిలో ఆయాగా చేరాక, టీకాలు వేసే జట్టుతో ఆ పల్లెకు పోయాను. ఊరి బయట చిన్న గుడి. లోపల నల్లటి అమ్మవారు, ముఖం నిండా పసుపు, తెరిచిన పెద్ద కళ్లు. నీళ్ల అడుగున చూసిన ముక్కు, పెదవులు అవే. గుడి ఊడ్చే ముసలామెను మేస్త్రీ గురించి అడిగాను. అంతకు ముందే పోయాడంది. మొదటి టెంకాయ ఎవరు కొట్టారని అడిగితే, "రెండు పార్టీలోళ్లూ ఒకే తూరి కొట్టినారు. యా చిప్ప ఎవరిదో ఈ పొద్దుకూ తేలలే" అని నవ్వింది.

అప్పుడే పీఠం మీద చూపు పడింది. అమ్మవారి పాదాల కింద ఒక చిన్న చేప, వేలంత ఉంది. విగ్రహం నీళ్లలో ఉన్నన్నాళ్లూ పీఠం బయటే ఉండేది, ఆచారి దాన్ని చెక్కుతూ ఉండేవాడు.

"అమ్మోరికి చేప ఏందవ్వా?"

"ఏట్లో దొరికింది గదా తల్లి. చేపే దోవ చూపిచ్చిందంట" అందామె, తన కళ్లతో చూసినంత గట్టిగా.

నేను ఆ మాటను సరిదిద్దలేదు. వంగి చేపకు కాస్త పసుపు రాశాను. రాస్తుంటే వేలికి ఏదో తక్కువగా తగిలింది. మళ్లీ తడిమి చూశాను. పొలుసులు ఒక్కొక్కటీ చెక్కి ఉన్నాయి, తోక చీలిక కూడా ఉంది. కన్ను మాత్రం లేదు. పెద్దాచారి అంతటివాడు మరిచిపోయాడంటే నేను నమ్మను. చూసినవాళ్లు చూడనట్టు ఉండాలని మేస్త్రీయే కన్ను వద్దన్నాడేమో అని ఇప్పటికీ నా అనుమానం.